నిండుకున్న ముంత

ఇలా రా, బుజ్జమ్మా. దుప్పటి నీకు సగం, నాకు సగం. నీ కాళ్ళు మంచుగడ్డల్లా ఉన్నాయి, నా కాళ్ళ మీద పెట్టకు. సరేలే, పెట్టు.

ఇందాక అన్నం దగ్గర నువ్వేమన్నావు? నెయ్యి అయిపోయింది అన్నావు. నేనేమన్నాను? అయిపోయింది అనకూడదు, నిండుకుంది అనాలి అన్నాను. నువ్వేమో గిన్నె బోర్లించి చూపించి, ఖాళీ గిన్నె పట్టుకుని నిండుకుంది అంటావేంటమ్మమ్మా అని పకపకా నవ్వావు. మీ అమ్మ కూడా నవ్వింది. నవ్వండి, నవ్వండి. ఆ మాట వెనకాల ఒక కథ ఉంది. ఊఁ కొడతానంటే చెప్తాను. నీ ఊఁ ఆగిందా, నా కథా ఆగుతుంది.

అనగనగా ఒక ఊళ్ళో, రైలు కట్ట పక్కన ఒక వీధి ఉంది. ఆ వీధి చివర ఒక రేకుల ఇల్లు. ఆ ఇంట్లో మంగతాయి అని ఒక ఇల్లాలు ఉండేది. మంగతాయి మొగుడు గవరయ్య. ఊళ్ళో వాళ్ళ బట్టలకి ఇస్త్రీ చేసేవాడు. మంగతాయి అత్త పేరు అచ్చియ్యమ్మ. ఆవిడ అడ్డచుట్ట కాల్చేది. అడ్డచుట్ట అంటే నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని కాల్చడం. అలా చూడకు, మా వైపు ముసలమ్మలు చాలామంది అలాగే కాల్చేవారు. ఇక మంగతాయి కూతురు నూకాలు. ఏడేళ్ళది. ఒక్క క్షణం కుదురుండదు, నీకు అక్క లాంటిది.

అచ్చియ్యమ్మకి ఒక పట్టింపు ఉండేది. ఇంట్లో ఎవరూ 'లేదు' అనకూడదు. లేదు అన్నారంటే లక్ష్మీదేవి గుమ్మం దాకా వచ్చి, ఆ మాట విని, వెనక్కి తిరిగి వెళ్ళిపోతుందిట. అందుకని బియ్యం అయిపోతే బియ్యం నిండుకున్నాయి అనాలి. నూనె అయిపోతే నూనె నిండుకుంది అనాలి. పాపం, ఆ ఇంట్లో ఎప్పుడూ ఏదో ఒకటి నిండుకుంటూనే ఉండేది. సంతలో తెచ్చిన సరుకు మళ్ళీ సంత రాకముందే నిండుకునేది.

మంగతాయి ఖాళీ డబ్బా తట్టుకుంటూ, ఈ మాట మా ఇంట్లో ఒక్క రోజైనా నిజం కాదా అనుకునేది. అనుకుని ఊరుకునేది.

ఇప్పుడు అసలు సంగతి విను. గవరయ్య చేతిలో ఇస్త్రీ పెట్టె గవరయ్యది కాదు. అప్పట్లో కరెంటు పెట్టెలెక్కడివి? ఇత్తడి పెట్టె, లోపల కణకణలాడే బొగ్గులు వెయ్యాలి. పక్క వీధి సన్యాసిరావు దగ్గర అలాంటివి రెండుండేవి. అందులో ఒకటి గవరయ్య పొద్దున్నే తెచ్చుకుని, దీపాల వేళకి తిరిగి ఇచ్చేసేవాడు. రోజుకి అర్ధరూపాయి అద్దె. చొక్కా కాలరు మీద పెట్టె తిప్పడంలో ఆ ఊళ్ళో అతన్ని మించినవాడు లేడు. కానీ పెట్టె మాత్రం పరాయిది.

వైశాఖంలో ఒక రోజు సన్యాసిరావు గవరయ్యని పిలిచాడు. "మా అల్లుడు ఇక్కడే కొట్టు పెట్టుకుంటాడంట. దీపావళి ఎల్లగానే పెట్టెలు రెండూ ఆడికిచ్చీవాల. నువ్వు మరోటి సూసుకో గవరయ్యా" అన్నాడు. ఆయన చెడ్డవాడేం కాదు. ఆరు నెలల ముందే చెప్పాడు.

అప్పుడు గవరయ్య కంచరి మాణిక్యం దగ్గరికి వెళ్ళాడు. కంచరి అంటే ఇత్తడి సామాను చేసేవాడు. కొత్త పెట్టె ఎంతవుతుందని అడిగాడు. నూట పది రూపాయలు అన్నాడు మాణిక్యం. గవరయ్య ఇంటికొచ్చి అరుగు మీద కూర్చుండిపోయాడు. పెట్టె లేకపోతే ఇక మిగిలింది గోనెసంచుల మిల్లు. అక్కడ మూటలు మొయ్యాలి. గవరయ్య ఎడమ కాలు చిన్నప్పుడు విరిగి వంకరగా అతుక్కుంది. ఆ కాలు మూట కింద ఎన్నాళ్ళు నిలబడుతుంది చెప్పు? ఆ మాట ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనలేదు.

మంగతాయి ఆ రాత్రి అన్నం తినలేదు. మర్నాడు సంతకెళ్ళి ఒక మట్టి ముంత కొనుక్కొచ్చింది. దానికి మూత ఉండదు, పైన సన్నటి గాటు ఉంటుంది. డబ్బులు లోపలికి వెళ్తాయి, పగలగొడితే గాని బయటికి రావు. ఆ ముంతని పొయ్యి పైన దూలానికి కట్టిన ఉట్టిలో పెట్టింది. "దీపావళికి దీన్ని నింపుతాను" అంది.

"మన ఇంట్లో నింపడానికి ఏటుందే?" అన్నాడు గవరయ్య.

"సూస్తావు కదా" అంది మంగతాయి. చెప్పానా, ఆవిడకి కాస్త పంతం ఎక్కువ.

మొదట ఏం చేసిందో తెలుసా? అన్నీ ఆపేసింది. పొద్దున్న టీ ఆపేసింది. కూరలో నూనె ఆపేసింది. నూకాలు అన్నంలో నంజుకునే బెల్లం ముక్క ఆపేసింది. అత్తగారి చుట్టలు కూడా ఆపేసింది. అయ్యబాబోయ్, అచ్చియ్యమ్మ ముఖం చూడాల్సింది. పెళ్ళికి పిలిచి భోజనం పెట్టకుండా పంపేసినట్టు కూర్చుంది.

ఏమైందంటావు? గవరయ్య ఇంట్లో టీ లేదని స్టేషన్ దగ్గర టీకొట్టుకి వెళ్ళడం మొదలుపెట్టాడు. టీతో ఆగుతాడా? పక్కనే వేడివేడి పకోడీ. నూకాలు పక్కింటి వాళ్ళ గుమ్మంలో నిలబడి బెల్లం అడగడం మొదలుపెట్టింది. అచ్చియ్యమ్మ అలిగి రెండు రోజులు కూతురింటికి వెళ్ళిపోయింది. ఆ రాను పోను బండి ఖర్చు ఎవరిచ్చారు? మంగతాయే ఇచ్చింది.

పది రోజులయ్యాక మంగతాయి ఉట్టి ఊపి చూసింది. ముంతలోంచి గల్, గల్ అని రెండే రెండు నాణేల చప్పుడు. అప్పుడు పొయ్యి వైపు తిరిగి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఇంత కడుపు మాడ్చుకుంటే ఇదా మిగిలింది అని.

ఏడుపయ్యాక, ముక్కు తుడుచుకుంది. తుడుచుకుని పొయ్యిలోకి చూసింది. ఆ తర్వాత పొయ్యి పక్కన కుప్పగా ఉన్న బూడిదలోకి చూసింది. అది ఇస్త్రీ పెట్టెలోంచి గవరయ్య రోజూ దులిపే బూడిద. అందులో నల్లగా ఏవో ముక్కలు కనిపించాయి. సగమే కాలిన బొగ్గులు! ఎన్నేళ్ళుగా బయట పారబోస్తున్నారో. వెంటనే జల్లెడ తెచ్చి జల్లించింది. ఆ పూట వంట ఆ బొగ్గులతోనే అయింది. కొనాల్సిన కట్టెలు మిగిలాయి.

అప్పుడు మంగతాయికి ఒక సంగతి తట్టింది. ఇంట్లోవాళ్ళ నోటి దగ్గరిది లాక్కోవడం కాదు, ఎవరి నోట్లోకీ పోకుండా వృథాగా పోయేదాన్ని పట్టుకోవాలి అని.

టీ మళ్ళీ పెట్టింది. బెల్లం ముక్క మళ్ళీ ఇచ్చింది. అత్తని బతిమాలి చుట్ట చేతికిచ్చింది. నూనె మాత్రం సీసాతో వంచకుండా చెంచాతో వెయ్యడం మొదలుపెట్టింది. ఎవరికీ తేడా తెలియలేదు.

ఆ తర్వాత ఇల్లంతా వేటకి బయల్దేరినట్టు తిరిగింది. గవరయ్య కొట్లో గంజిపొడి కొని బట్టలకి పెట్టేవాడు. ఇంట్లో అన్నం వార్చిన గంజేమో కాలవలో పోయేది. ఆ గంజి వడకట్టి, పలచన చేసి మొగుడి చేతికిచ్చింది. పంచెలు పెళపెళలాడాయి. పొయ్యి ముట్టించడానికి అగ్గిపుల్ల గీసేవాళ్ళు. పక్కనే పెట్టెలో నిప్పులుండగా అగ్గిపెట్టె ఎందుకు? అదీ మిగిలింది. సంతకి పొద్దున్నే వెళ్ళేది ఇదివరకు. ఇప్పుడు బుట్టలు సర్దుకునే వేళకి వెళ్తోంది. వంకాయలు అమ్మేవాళ్ళు, మళ్ళీ మోసుకెళ్ళలేక, తీసుకో తల్లీ అని సగానికే ఇచ్చేసేవాళ్ళు.

ఇంకో నియమం కూడా పెట్టుకుంది. మిగిలిన డబ్బు మిగిలిన క్షణమే ముంతలో పడిపోవాలి. ఎందుకంటే కొంగున కట్టుకున్న పావలా సాయంత్రానికి ఉండేది కాదు, ముడి మాత్రం ఉండేది.

ఊఁ ఏదీ? ఆ, అలాగ.

అయితే ఇలాంటి పనులు మొదలుపెట్టడం పెద్ద గొప్ప కాదు బుజ్జమ్మా. రోజూ చెయ్యడమే కష్టం. బూడిద జల్లించి జల్లించి మంగతాయి ముక్కు నిండా మసి. ఈ పావలాలతో పెట్టె వస్తుందా అని మధ్యాహ్నం వేళ దిగులేసేది. అప్పుడు ఆ ఇంట్లో ఒక అలవాటు పుట్టింది. ఎవరు మొదలుపెట్టారో తెలియదు. సాయంత్రం అన్నాలయ్యాక నూకాలు రోలు మీదికెక్కి ఉట్టి ఊపేది. ముంత మోగేది. ఇంట్లో అందరూ చెవులు రిక్కించి వినేవాళ్ళు.

మొదటి నెల గల్, గల్ అంది. రెండో నెల గలగలలాడింది. మూడో నెల నిండుగా ఘల్లుఘల్లుమంది. "నిన్నటికీ ఇయ్యాల్టికీ గొంతు మారింది సూడండి" అనేవాడు గవరయ్య, కూతురి పాట విన్నంత మురిసిపోతూ. ఇదివరకు వెక్కిరించినవాడే! ఆ చప్పుడు విన్నాక మంగతాయికి మర్నాడు జల్లెడ పట్టుకోవడానికి ఓపిక వచ్చేది. లోపల ఎంతుందో మాత్రం ఎవరూ లెక్కపెట్టలేదు. ముంతని ఉట్టిలోంచి దించనే లేదు. దించితే చెయ్యి ఆగదని మంగతాయి భయం.

మరి ఆశలు పుట్టవా? పుడతాయి. శ్రావణంలో గాజులవాడు వచ్చాడు. ఆకుపచ్చ గాజులు, బంగారు చుక్కలవి. మంగతాయి ముంజేతికి ఒకటి ఎక్కించి చూసుకుంది కూడా. అప్పుడు "ఉండు బాబూ" అని లోపలికెళ్ళి ఉట్టి ఊపింది. చప్పుడు విని బయటికొచ్చి గాజు తీసి ఇచ్చేసింది. ఇంకోసారి పాత బట్టలకి స్టీలు గిన్నెలిచ్చేవాడు వచ్చాడు. పైన మూడు రూపాయలు వేస్తే పెద్ద డేగిసా ఇస్తానన్నాడు. మళ్ళీ లోపలికెళ్ళి ఉట్టి ఊపింది. డేగిసా వద్దంది.

మూడోసారి అమ్మవారి తీర్థం, అంటే జాతర, వచ్చింది. నూకాలు రంగులరాట్నం ఎక్కుతానని కాళ్ళు కొట్టుకుంది. మంగతాయి లోపలికెళ్ళి ఉట్టి ఊపింది. కాసేపు నిలబడింది. బయటికొచ్చి "పద, ఎక్కుదువుగాని" అంది. అన్నిటికీ వద్దు వద్దు అంటే పిల్లకి ఆ ముంత మీదే కోపం వస్తుందని తెలుసు ఆవిడకి. నూకాలు రెండుసార్లు ఎక్కింది. దిగి వాంతి చేసుకుంది, అది వేరే సంగతి.

భాద్రపదం వెళ్ళేసరికి ముంత గొంతు బొంగురుపోయింది. ఘల్లుమనేది కాస్తా గుడగుడమంటోంది. "అమ్మా, ముంతకి జలుబు సేసింది" అంది నూకాలు. అందరూ నవ్వారు.

ఆ తర్వాత ఏం వచ్చిందంటే, ముసురు వచ్చింది. దీపావళి పది రోజులుందనగా పట్టుకుంది, వదలదే! ఉతికిన బట్టలు ఆరవు. ఆరని బట్టలు ఇస్త్రీకి రావు. పెట్టె అద్దె మాత్రం రోజూ ఇవ్వాలి. బొగ్గులు తడిసి పొగ తప్ప నిప్పు లేదు. మంగతాయి చేతిలో మిగలడానికి ఏమీ లేదు. వారం రోజులు ముంతలో ఒక్క నాణెం కూడా వెయ్యలేకపోయింది.

ఆ వారం మంగతాయి మనసు విరిగిపోయింది. సాయంత్రం నూకాలు రోలెక్కబోతే "ఒద్దులే అమ్మా, దిగు" అంది. ఏమీ వెయ్యని రోజు ఆ చప్పుడు వినడానికి ఆవిడకి మొహం చెల్లలేదు. ఉట్టి వైపు చూడడమే మానేసింది. ఇక మిల్లే గతి అనుకుంది. ఎవరికీ చెప్పలేదు.

నరక చతుర్దశి రోజు వాన వెలిసింది. ఎండ వచ్చింది. మంగతాయి ఇస్త్రీ మడతలు ఇచ్చి రావడానికి వీధిలోకి వెళ్ళింది. గవరయ్య అరుగు మీద పెట్టె దులుపుతున్నాడు. అచ్చియ్యమ్మ చుట్ట చుట్టుకుంటోంది. ఎవరూ చూడడం లేదు కదా అని నూకాలు రోలెక్కి ఉట్టి ఊపింది.

చప్పుడు రాలేదు.

గట్టిగా ఊపింది. కిక్కురుమనలేదు. ఉట్టి పట్టుకుని అటూ ఇటూ ఎంత ఊపినా ముంత మూగనోము పట్టింది. మరి నూకాలుకి ఏం నేర్పారు? లేదు అనకూడదు అని కదా. అందుకని బయటికి పరిగెత్తి గట్టిగా అరిచింది.

"నాయనమ్మా! ముంత నిండుకుంది!"

అచ్చియ్యమ్మ చేతిలో చుట్ట జారిపోయింది. అరవై ఏళ్ళుగా ఆ మాటకి ఒకటే అర్థం తెలుసు ఆవిడకి. గవరయ్య చేతిలో పెట్టె అలాగే ఉండిపోయింది. సరిగ్గా అప్పుడే మంగతాయి గుమ్మంలోకి వచ్చింది. ఆ మాట ఆవిడ చెవినా పడింది.

మంగతాయి ఆరు నెలలు మసి పూసుకున్న తన చేతులు రెండూ చూసుకుంది. "ఎవరు తీసేరు?" అంది.

ముందు నూకాలు ఏడుపు మొదలుపెట్టింది. "నానే తీసేనమ్మా. తీర్థంలో పీచు మిఠాయికి. సీపురుపుల్ల పెట్టి గాటులోంచి పది పైసలు లాగేను. కానీ మళ్ళీ యేసీనాను. మావయ్య ఒచ్చినప్పుడు నాకు రూపాయిచ్చేడు గదా, అది యేసీనాను" అంది వెక్కిళ్ళు పెడుతూ.

అప్పుడు గవరయ్య తల దించుకున్నాడు. "నానూ తీసేనే మంగా. పావలాలు రెండు. టీకొట్టుకాడ పకోడీ వాసనకి ఆగనేకపోయేను. తరవాత సిగ్గేసింది. అప్పటిసంది టీకొట్టు మొకం సూడనేదు. ఆ టీ డబ్బులు రోజూ నువ్వు సూడకుండా ముంతలోనే యేస్తన్నాను. ముసురులో కూడా యేసేను" అన్నాడు.

ఇక మిగిలింది అచ్చియ్యమ్మ. ఆవిడ కోడలి ముఖం చూడకుండా గోడకి చెప్పింది. "నాను సుట్టల కట్టకి తీసేను. తీసినకాడ్నించి ముద్ద దిగనేదు. రోజుకి నాలుగు సుట్టలు కాల్సేదాన్ని రెండే కాలస్తన్నాను. ఆ డబ్బులేసేను. మొన్న ముసురులో నువ్వు దిగులుగా కూకుంటే సూడలేక, నా సావుకని బొడ్డుసంచిలో దాసుకున్న పదేసి నోట్లు రెండూ మడతపెట్టి తోసీనాను. సావు ఎలాగూ ఒస్తాది. పెట్టె ఒస్తాదా?"

"ఈ వయసులో రోలెక్కేవా అత్తా!" అంది మంగతాయి.

"మరి ఎక్కకపోతే అందుతాదేటి?" అంది అచ్చియ్యమ్మ కోపంగా.

మంగతాయి ముగ్గురినీ మార్చి మార్చి చూసింది. తీసింది కొంచెం, వేసింది బోలెడు. మరి ముంత ఎలా ఖాళీ అయింది? లెక్క ఎక్కడో కుదరలేదు. అప్పుడు లోపలికెళ్ళింది. రోలెక్కింది. ఆరు నెలల్లో మొదటిసారి ఉట్టిలోంచి ముంతని రెండు చేతులతో ఎత్తింది.

ఎత్తబోయింది అనాలి. ముంత రాలేదు. రాయిలా కూర్చుంది. బలమంతా పెట్టి లేపేసరికి ఆ బరువుకి చేతులు కిందికి లాగేశాయి, రోలు మీదనుంచి పడబోయి నిలదొక్కుకుంది. చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. చప్పుడు లేదు. ఎందుకుంటుంది? ఖాళీ ముంతా మోగదు. గొంతు దాకా కూరితే, నాణెం కదలడానికి సందు లేకపోతే, అప్పుడూ మోగదు.

మంగతాయికి నవ్వొచ్చింది. నవ్వుతోపాటే కళ్ళనీళ్ళూ వచ్చాయి. ముంతని తెచ్చి అత్తగారి ఒళ్ళో పెట్టింది. "నువ్వే సెప్పత్తా. ముంతకి ఏటయింది?"

అచ్చియ్యమ్మ ఒళ్ళో బరువు దిగింది. ఆవిడ రెండు చేతులతో ముంతని తడిమింది. గాటులోంచి పైకి తొంగిచూస్తున్న నోటు కొసని వేలితో ముట్టుకుంది.

"ఓలమ్మో," అంది. "నిండుకుందే!"

అరవై ఏళ్ళుగా ఖాళీ డబ్బాల ముందు నిలబడి అన్న మాట అది. ఆ రోజు మాత్రం నిజంగా అంది. అని, కోడలి మసి చేతులు రెండూ తీసుకుని కళ్ళకద్దుకుంది. "నీ మూలంగా నా నోటి మాట నిజమైందే తల్లీ" అంది.

ఆ తర్వాత చూడాలి సంబరం! ముంతని ఇంట్లో పగలగొట్టలేదు. మంగతాయి తల స్నానం చేసి, చీర మార్చుకుని, ఆ ముంతని నెత్తిన పెట్టుకుని వీధి మధ్యలోంచి నడిచింది. వెనకాల గవరయ్య వంకర కాలితో, పెళ్ళికొడుకులా ఠీవిగా. అతని వెనక అచ్చియ్యమ్మ. అందరికంటే ముందు నూకాలు, "తప్పుకోండి, తప్పుకోండి" అంటూ. వీధిలో వాళ్ళు ఏమిటి ఏమిటని అడిగితే నూకాలే జవాబు. "మా ముంత నిండుకుంది!" అని. విన్నవాళ్ళు పాపం అన్నారు. తర్వాత ముంత వైపు చూసి నోళ్ళు తెరిచారు.

కంచరి మాణిక్యం గోనెపట్టా పరిచి, చిన్న సుత్తితో ముంతని తట్టాడు. పెంకులు విడిపోయాయి. డబ్బు మాత్రం ముంత ఆకారంలోనే కాసేపు నిలబడింది, ఆ తర్వాత బొలబొలా రాలింది. నూట పది రూపాయలు తీసుకోగా ఇంకా ఎనిమిది రూపాయలు, కొంత చిల్లర మిగిలింది.

పెట్టె తళతళలాడుతోంది. మాణిక్యం చెక్కే ఉలి తీసి పేరేమిటని అడిగాడు. ఇత్తడి సామాను మీద పేరు చెక్కించుకోవడం ఉండేది కదా అప్పట్లో. గవరయ్య అనే కదా అన్నాడు మాణిక్యం, చెక్కబోతూ.

"మంగతాయి అని సెక్కు" అంది అచ్చియ్యమ్మ.

మాణిక్యం గవరయ్య ముఖం చూశాడు. ఇస్త్రీ చేసేవాడి పెట్టె మీద పెళ్ళాం పేరా అన్నట్టు. గవరయ్య నవ్వాడు. "పెట్టె తను తెచ్చింది బాబూ. నాను తోస్తానంతే" అన్నాడు.

మంగతాయి వద్దు వద్దు అంది. వద్దు అంటూనే, ఒక్కో అక్షరం ఇత్తడి మీద తేలుతుంటే కన్నార్పకుండా చూసింది. ఆవిడకి చదువు రాదు. అయినా ఆ నాలుగు అక్షరాలూ ఆ రోజునుంచి వచ్చేశాయి.

దీపావళి వెళ్ళిన మర్నాడు గవరయ్య అద్దె పెట్టెని చింతపండుతో తోమి మెరిపించి సన్యాసిరావుకి అప్పజెప్పాడు. "మరి రేపట్నించి నీకెలాగరా?" అన్నాడు ఆయన నొచ్చుకుంటూ. "మా ఇంట్లో ఉంది" అన్నాడు గవరయ్య. ఆ మాట అనడానికే వెళ్ళాడేమో అనిపిస్తుంది నాకు. పాపం, ఎన్నేళ్ళ కోరికో.

మిగిలిన ఎనిమిది రూపాయల్లో అత్తకి చుట్టల కట్ట వచ్చింది. నూకాలుకి పీచు మిఠాయి వచ్చింది, దొంగతనం లేకుండా. మంగతాయికి ఆకుపచ్చ గాజులు వచ్చాయి, బంగారు చుక్కలవి. ఆ తర్వాత ఇంకో వస్తువు కూడా వచ్చింది. ఏమిటో చెప్పుకో? కొత్త మట్టి ముంత!

ఆ సాయంత్రం నూకాలు రోలెక్కి కొత్త ముంతని ఊపింది. చప్పుడు రాలేదు. "అమ్మా, ముంత నిండుకుందే" అంది ఏడుపు ముఖం పెట్టి. ఇల్లంతా ఘొల్లున నవ్వింది. మంగతాయి కూడా నవ్వింది. ఇదివరకు ఆ మాట వింటే గుండె జారేది కదా, ఇప్పుడేం జారలేదు. మాట ముందు వచ్చింది, నిండడం వెనకాల వస్తుంది, అంతేగా అనుకుంది. అనుకుని, కొత్త గాజులు గలగలలాడుతుంటే జల్లెడ తీసుకుని బూడిద దగ్గర కూర్చుంది.

అందుకే బుజ్జమ్మా, నెయ్యి గిన్నె చూసి అయిపోయింది అనకు. ఏమిటి, ఊఁ చిన్నదైపోయింది?

"అమ్మమ్మా... నాకు నిద్ర... నిండుకుంది."

అంటే వచ్చిందా, పోయిందా? ఓసి పిల్లా, జవాబు చెప్పి పడుకో! ఆ, పడుకుంది. కాళ్ళు కూడా వెచ్చబడ్డాయి.

ముంత వెళ్ళె కంచరికి,
పెట్టె వచ్చె ఇంటికి,
కథ వెళ్ళె కంచికి,
కునుకు వచ్చె కంటికి.